పెన్నా వరద తర్వాత ఒక చిల్లర అంగడి: సాయం సొమ్ము ఎటు పోయింది, ఎప్పుడు నిలబడింది

నెల్లూరు జిల్లాలో జీవనోపాధుల మీద పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను ఫీల్డు పని చూస్తాను. వరదలు, తుపాన్లు వచ్చినప్పుడు దాతలు ఇచ్చే సాయాన్ని ఊళ్లలోని చిన్న వ్యాపారాలకు చేర్చడం మా పనిలో ఒక భాగం. ఈ కేసు 2021 నవంబరు వరద తర్వాతది. ఊరి పేరు, మనిషి పేరు రాయడం లేదు. రూపాయల లెక్కలు గుర్తుపట్టకుండా కాస్త అటూ ఇటూ మార్చాను గానీ దేనికి ఎంత అన్న పొంతన చెడనివ్వలేదు. ఊళ్లో ఆమెను చిన్నా పెద్దా అంగడక్క అంటారు కాబట్టి ఇక్కడా అదే వాడతాను.

దీన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఒకే అంగడికి, సమానమైన మొత్తం, రెండు విడతలుగా, రెండు పద్ధతుల్లో వెళ్లింది. మొదటిది రెండు నెలలు కూడా నిలవలేదు. రెండోది నిలిచింది. ఇలా పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం మా పనిలో మళ్లీ మళ్లీ రాదు.

నేపథ్యం

2021 నవంబరు 19 ఉదయం కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు వచ్చి కలిసేది పెన్నాలోనే. ఆ నీళ్లకు పైన పడిన వానలు తోడై సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది, నెల్లూరుకూ విజయవాడకూ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఇదంతా టీవీల్లో అందరూ చూశారు. ఏటి పక్క ఊళ్లలో ఇళ్ల ముందు గదుల్లో నడిచే అంగళ్లలో నడుము ఎత్తు నీళ్లు నిలిచిన సంగతి మాత్రం పేపర్లో జోన్ పేజీ దాటలేదు.

అంగడక్క భర్త రొయ్యల గుంటల దగ్గర కాపలా పని చేస్తాడు. కూతురు అప్పటికి ఇంటర్. పదేళ్లకు పైగా నడుస్తున్న అంగడి. ఉప్పు, పప్పు, నూనె ప్యాకెట్లు, సోపులు, బీడీలు, పిల్లలకు చిరుతిండి. ఎక్కువ అమ్మకం అరువు మీదే. కొనేవాళ్లు కౌలు రైతులు, కూలీలు. డ్వాక్రా సంఘంలో సభ్యురాలు, సంఘం అప్పు కంతు ఎప్పుడూ తప్పలేదు. ఈ చివరి విషయమే తర్వాత అక్కరకొచ్చింది.

సమస్య ఎట్లా కనిపించింది

మేం వెళ్లేసరికి నీళ్లు తీసి వారం అవుతోంది. చక్కెర మూట ఉండాల్సిన చోట తడి గోతం ఒక్కటే ఉంది. కందిపప్పు నానిపోయి వాసన కొడుతోంది. షాంపూ ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టింది. లోపల సరుకు బాగానే ఉంది గానీ కొనేవాళ్లు లేరు. ఊళ్లో దానికి అప్పుడే పేరు పడింది: వరద సరుకు. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ కాలిపోయింది. అది కంపెనీ వాళ్లది, ఆమెది కాదు. నష్టం లెక్కలో దాన్ని రాయలేం, అయినా అది లేకపోతే వేసవి బేరం లేదు.

మొత్తం మీద పోయిన సరుకు 45 వేల దాకా తేలింది. బిల్లులు లేవు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ అంగళ్లలో ఇలాంటి వాళ్లకు ఇచ్చేది తెల్ల చీటీ మీద రాసిన లెక్క. అందుకే మేం ఆమె చెప్పింది రాసుకోవడంతో ఆపకుండా హోల్‌సేల్ ఆయన చిట్టా చూశాం. వరదకు ముందు వారానికి ఎనిమిది తొమ్మిది వేల సరుకు ఎత్తేది. ఫోన్‌లో ఫోన్‌పే లెక్కలు చూస్తే అమ్మకంలో చిన్న ముక్కే కనిపించింది, అయినా ఏ వారం బేరం బాగుందో, ఏ వారం పడిపోయిందో చిట్టాతో సరిపోయింది. మనుషులు సాయం కోసం నష్టం పెంచి చెబుతారని దాతలకు భయం. నేను చూసినంతలో చిల్లర అంగళ్ల వాళ్లు తగ్గించే చెబుతారు, ఎందుకంటే బయటికి రావాల్సిన అరువును నష్టంగా వాళ్లు లెక్కేసుకోరు.

ప్రభుత్వ సాయంలో ఆమెకు గడి లేదు

ముందు సచివాలయంలో రాయించాం. ఇల్లు మునిగిన కుటుంబంగా పేరు ఎక్కింది, బియ్యం, సరుకులు వచ్చాయి. అంగడి సంగతి అడిగితే రాసుకునే అమ్మాయి ఫారం తిప్పి చూపించింది. అందులో ఆ గడే లేదు. ఆ అమ్మాయి తప్పేం లేదు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల్లో ఇళ్లున్నాయి, పంటలున్నాయి, పశువులున్నాయి, పడవలు, వలలున్నాయి, చేనేత, చేతివృత్తుల వాళ్ల పనిముట్లున్నాయి. అప్పటి లెక్కల్లో పాడిగేదె చనిపోతే 30,000, చేతివృత్తి వాళ్ల పనిముట్లు పోతే 4,100. చిల్లర వ్యాపారి అనే మాటే ఆ పట్టికలో లేదు. కొని అమ్మేవాడి చేతిలో పనిముట్టు లేదు, పొలం లేదు, కొట్టంలో గొడ్డు లేదు.

అయినా అంగడి మునిగిందని ఒక అర్జీ విడిగా ఇప్పించి రసీదు తీసుకున్నాం. డబ్బు వస్తుందని కాదు. రేపు బ్యాంకుకో దాతకో చూపించడానికి తేదీ ఉన్న కాగితం ఒకటి ఉండాలి.

బ్యాంకు దారి త్వరగానే మూసుకుపోయింది. ముద్రా రుణాల్లో శిశు కేటగిరీ కింద 50 వేల దాకా ఇవ్వొచ్చు. కానీ చిన్న వ్యాపారుల కోసం పెట్టిన జగనన్న తోడు పథకం కింద తీసుకున్న వడ్డీలేని పదివేలలో కొన్ని కంతులు మిగిలున్నాయి. మేనేజర్ మర్యాదగానే మాట్లాడారు, అది తీరాక రమ్మన్నారు. ఆ రోజుకు బ్యాంకు అప్పు రాకపోవడమే మంచిదైందని తర్వాత తెలిసింది. ఆమెకు అప్పుల వరస అప్పటికే పొడుగ్గా ఉంది.

మొదటి విడత

మా దాత ఒక్కో అంగడికి 40 వేల దాకా ఇస్తామన్నారు, రెండు విడతల్లో. మొదటి 20 వేలు సరుకు రూపంలోనే ఇవ్వాలి, జీఎస్టీ బిల్లు ఉండాలి అన్నది వాళ్ల షరతు. దాని వెనక తర్కం అర్థం కానిది కాదు. డబ్బు చేతికిస్తే ఇంటి ఖర్చులకు పోతుంది, సరుకైతే అంగట్లోనే ఉంటుంది, ఆడిటర్‌కు బిల్లు ఉంటుంది.

డిసెంబరు నడిమిలో ఒకే డీలర్ దగ్గర కొన్న సరుకు అన్ని అంగళ్లకూ ఒకే రకంగా వెళ్లింది. మొదటి ఇబ్బంది అందులోనే ఉంది. ఊళ్లో జనం అడిగే చిన్న ప్యాకెట్ల బదులు పెద్దవి వచ్చాయి. బీడీలు, పొగాకు దాత డబ్బుతో కొనలేం, కానీ పొద్దున్నే అంగడి ముందు మనిషిని నిలబెట్టేది అవే. బీడీ కట్టకు వచ్చినవాడే అగ్గిపెట్టె, బెల్లం ముక్క, టీ పొడి కూడా కొంటాడు.

రోజువారీ అమ్మకం రాయమని ఆమెకు ఒక నోటు పుస్తకం ఇచ్చాం. కూతురు శుభ్రంగా రాసింది. ఫిబ్రవరి మొదట్లో ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే డబ్బు పోయిన దారి కళ్లకు కట్టింది. సరుకంతా అమ్ముడుపోయింది. వచ్చిన 22 వేలలో తొమ్మిది వేలు డైలీ ఫైనాన్స్‌కు పోయాయి. ఐదు వేలు హోల్‌సేల్ వాళ్ల లైన్ మనిషి, అంటే వసూలుకు ఊళ్లు తిరిగేవాడు, పాత బాకీ కింద పట్టుకెళ్లాడు. ఆరు వేల సరుకు కొత్త అరువుగా ఊళ్లోకి పోయింది. ఇంటికి వాడింది రెండు వేలు. అంటే దాత ఏ ఇంటి ఖర్చుకు భయపడ్డాడో అది అన్నిటికంటే చిన్న పద్దు.

డైలీ ఫైనాన్స్ గురించి తెలియనివాళ్లకు ఒక మాట. ఆమె దసరా సరుకు కోసం 20 వేలు రాయించుకుంది. చేతికొచ్చింది 17 వేలు. రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. వరద రోజుల్లో తప్పిన కంతులకు అదనం. అది తీరీ తీరగానే సంక్రాంతి సరుకు లేక మళ్లీ అంతే తీసుకుంది, ఎందుకంటే మా సరుకులో అరిసెలకు బెల్లం లేదు, పిండివంటలకు కావాల్సిన నూనె చాల్లేదు. పండక్కి బెల్లం లేని అంగడికి ఎవరొస్తారు?

"సామాన్లు కాదు సార్ నాకు కావాల్సింది," అంది ఆమె ఆ రోజు. "ఆ ఫైనాన్సాయన తెల్లారేసరికి బండేసుకొని రాకుండా ఉంటే చాలు. బోణీ కాకముందే గల్లాలో చెయ్యి పెట్టించుకుంటే ఏం యాపారం చేసేది?"

ఈ మాట విన్నాక రెండో విడత ఆపాలని నేనన్నాను. మా టీమ్‌లో ఒకరు గట్టిగా అడ్డం తిరిగారు. కష్టంలో ఉన్న కుటుంబానికి రావాల్సిన డబ్బు మన దగ్గర పెట్టుకోవడం ఏం న్యాయం అని. వాళ్ల మాటలో బలం ఉంది. నేను ఆలోచించింది ఇది: ఇంట్లో తిండికి లోటు లేదు, రేషన్ వస్తోంది, భర్త జీతం వస్తోంది. ఇప్పుడు 20 వేలు వేస్తే అది అంగట్లోకి రాకముందే ఫైనాన్స్, హోల్‌సేల్ మధ్య పంచుకోబడుతుంది. కొన్ని వారాల ఆలస్యం వల్ల పోయేది తక్కువ. తిండికే ఇబ్బంది ఉన్న ఇల్లయితే ఈ లెక్క పనికిరాదు, ఆపకూడదు కూడా.

తడిసిన పుస్తకం

ఆమెకు ఊళ్లోంచి రావాల్సింది 50 వేల దాకా ఉంది. పోయిన సరుకు కంటే ఎక్కువ. ఆ లెక్కంతా ఉన్న అరువు పుస్తకం నీళ్లలో నానింది. పేజీకీ పేజీకీ మధ్య పాత పేపర్ ముక్కలు పెట్టి, ఫ్యాన్ కింద రోజుల తరబడి ఆరబెట్టింది. ఆమె స్వయంగా బాల్ పెన్నుతో రాసిన పేజీలు నిలిచాయి. కూతురు ముచ్చటగా జెల్ పెన్నుతో రాసినవి నీలం మరకలయ్యాయి. తల్లీకూతుళ్ల మధ్య దీని మీద నడిచిన గొడవ నేను రాయను.

వసూలు మొదలుపెట్టడానికి అది సమయం కాదు. ఆ ఊరి రైతుల నారుమళ్లు వరదకే పోయాయి, కొన్ని పొలాల్లో ఇసుక మేటలు వేసింది. మళ్లీ నారు పోసి నాట్లు వేశారు. కోత మార్చి దాటాకే. కోత కాకముందు అడిగితే ఇచ్చేది లేదు, పైగా మొహం చాటేస్తారు, పక్క అంగడికి పోతారు. కానీ కోత దాకా ఊరికే ఉంటే మరకలైన పేజీల లెక్క ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి డబ్బు అడగకుండా బాకీ మాత్రం ఒప్పించుకోవాలని అనుకున్నాం. అంగడికి వచ్చిన మనిషిని వచ్చినట్టే, పక్కన ఎవరూ లేనప్పుడు, "నీ లెక్క ఎంతుందో చెప్పు నాయనా, పుస్తకం తడిసింది, మళ్లీ రాసుకుంటున్నా" అని అడగడం. చెప్పిన అంకె కొత్త పుస్తకంలో రాసి సంతకమో వేలిముద్రో తీసుకోవడం. అంకె తక్కువ చెప్పినా వాదించకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమమే. "వాదిస్తే ఆ ఉన్నది కూడా లేదంటారు" అంది. ఎక్కువమంది దగ్గరదగ్గరగానే చెప్పారు. కొందరు అసలేమీ లేదన్నారు. వాళ్లకు ఇక అరువు లేదు, అంతకుమించి మాటల్లేవు. మొత్తం 41 వేలు ఒప్పుదల అయింది. ఈ పుస్తకమే తర్వాత ఊళ్లోని డ్వాక్రా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య మీటింగులో ఆమెకు పూచీ అయింది.

రెండో విడత

ముందు హోల్‌సేల్ ఆయన దగ్గరికి వెళ్లాం, ఆమెను వెంటబెట్టుకుని. పాత బాకీ అప్పటికి 31 వేలు. మా దగ్గర 20 వేలు ఉన్నాయని తెలిస్తే ఆయన అదే అడుగుతాడని భయపడి, డబ్బు సంగతి ఎత్తకుండా చిట్టా ముందు పెట్టాం. వారానికి ఎనిమిది వేలు ఎత్తిన మనిషి ఇప్పుడు వెయ్యి కూడా ఎత్తడం లేదు. ఆయనే అన్నాడు: "అంగడి మూసేస్తే నా బాకీ ఎవరిస్తారు సార్? నడిస్తేనే నాకూ వచ్చేది." పాత బాకీ పక్కన పెట్టి కొత్త పేజీ తెరిచాడు. వారానికి 500 పాత లెక్కలోకి, సరుకు మాత్రం నగదుకే. వడ్డీ అడగలేదు. లైన్ మనిషి ఇంటికి రావడం మానాడు.

ఫైనాన్స్ అప్పు వేరే రకం. ఫైనాన్స్ ఆయనకు అంగడి నడవాలన్న పట్టింపు లేదు, రోజుకు 200 రావాలి. దాత డబ్బుతో దాన్ని తీర్చడానికి నిబంధన ఒప్పుకోదు, తీర్చినా అప్పు ఇచ్చినవాడికి సాయం చేసినట్టే. ఇక్కడ గ్రామ సమాఖ్య దగ్గరున్న వీఆర్ఎఫ్ పనికొచ్చింది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద, జబ్బు, తిండి కొరత, ప్రకృతి వైపరీత్యం లాంటి ఆపదల్లో సభ్యులకు అప్పుగా ఇచ్చుకోవడానికి సమాఖ్యల దగ్గర ఉండే నిధి అది. మీటింగులో ఒకావిడ సూటిగా అడిగింది: ఇది ఆస్పత్రి ఖర్చులకు కదా, ఫైనాన్స్ అప్పుకు ఎట్లా ఇస్తారు? సంఘాల లెక్కలు చూసే యానిమేటర్ వరద కూడా ఆపదల్లో ఉందని చదివి వినిపించింది. సచివాలయం రసీదు అప్పుడు తీశాం. కంతు తప్పని సంఘం చరిత్ర, ఒప్పుదల పుస్తకం చూశాక 15 వేలు ఇచ్చారు, నెల కంతుల మీద, సంఘం పూచీతో. ఫైనాన్స్ ఆయనకు మిగిలిన 14 వేలకు ఒకేసారి 12,500 ఇస్తామంటే ఒప్పుకున్నాడు. చీటీ చింపించుకున్నాం. ఒక అప్పు తీసి ఇంకో అప్పు పెట్టినట్టే కదా అంటే అవును. తేడా అల్లా, రోజూ పొద్దున గల్లాలోంచి పోయేది ఆగింది.

ఆ తర్వాతే దాత డబ్బు. ఏ ఖాతాలో వేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. జగనన్న తోడు అప్పున్న బ్యాంకులో వేస్తే కంతుల కింద కట్ అయిపోవచ్చు. ఆధార్ ఆధారంగా పంపితే, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో చివరగా లింకైన ఖాతాకు పోతుంది, అది ఏదో చాలామందికి తెలియదు. ఆమెకూ తెలియదు. చూస్తే ఆ అప్పున్న ఖాతానే. అందుకని ఏ అప్పూ లేని పొదుపు ఖాతా నంబరుకు నేరుగా పంపాం.

20 వేలు ఒక్కసారి వేయలేదు. వారం కొనుగోలుకు ఐదు వేలు. పాత ఎనిమిది తొమ్మిది వేలు కాకుండా ఐదే ఎందుకంటే, పంట లేని ఊళ్లో బేరం సగానికి పడిపోయి ఉంది, ఎక్కువ సరుకు పెడితే ఎక్కువ అరువే అవుతుంది. అమ్మిన డబ్బు తిరిగి గల్లాకు వచ్చిందని నోటు పుస్తకంలో కనిపించాకే తర్వాతి ఐదు వేలు. జీఎస్టీ బిల్లు బదులు హోల్‌సేల్ చిట్టా కాపీ మీద సంతకం, సరుకు ఫొటో చాలని దాతను ఒప్పించడానికి మొదటి విడత లెక్కే సాక్ష్యం. బిల్లు ఉన్న 20 వేలు ఎటు పోయాయో చూపించాక వాళ్లు పెద్దగా వాదించలేదు. ఏం కొనాలో ఆమె ఇష్టం, పొగాకు మాత్రం ఆమె సొంత డబ్బుతో.

అరువుకు హద్దు ఆమే పెట్టుకుంది. పాత లెక్క ఒప్పుకున్నవాళ్లకే, అదీ ఒక్కో ఇంటికి 500 దాటకుండా. మేం చెప్పి ఉంటే నడిచేది కాదేమో.

తర్వాత

కోతలయ్యాక పుట్టి లెక్కన ధాన్యం అమ్ముకున్నవాళ్లు, మా జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు, వరసగా వచ్చి కట్టారు. ఒప్పుకున్న 41 వేలలో ఎడగారు (రెండో పంట) నాట్ల నాటికి 27 వేలు వచ్చాయి. వారం కొనుగోలు ఆరు వేలు దాటింది. వరదకు ముందున్నంత కాలేదు, నేను చూసినంత కాలం కాలేదు కూడా. కూల్‌డ్రింకుల కంపెనీ కొత్త ఫ్రిజ్ ఆ వేసవికి ఇవ్వలేదు. వీఆర్ఎఫ్ కంతులు కట్టింది. మరుసటి ఏడు కూతురి కాలేజీ ఫీజుకు మళ్లీ డైలీ ఫైనాన్స్ తీసుకుందని విన్నాను, కాకపోతే ఈసారి సగం మొత్తం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మళ్లీ అంగళ్లు మునిగాయి. అప్పటికి మా ఫారం మారింది. "ఏం పోయింది" అనే పేజీకి ముందు "ఎవరికి ఇవ్వాలి, ఎంత తరచుగా, ఎవరి నుంచి రావాలి, ఎప్పుడు" అనే పేజీ వచ్చింది. రోజు కంతుల అప్పున్న అంగడికి సాయం కంటే ముందు ఆ అప్పు సంగతి తేలుస్తాం. అందరికీ ఒకే రకం సరుకు మానేశాం. 2024 సెప్టెంబరు వరదల తర్వాత విజయవాడలో రాష్ట్ర ప్రభుత్వం కిరాణా అంగళ్లకు 25 వేలు, తోపుడు బండ్లకు 20 వేలు ప్రకటించింది. చిన్న వ్యాపారికి ప్రభుత్వ జాబితాలో ఒక గడి దొరికినట్టే. ఆ డబ్బులో ఎంత గల్లాలో నిలిచిందో, ఎంత ఫైనాన్స్ వాళ్లకు పోయిందో ఎవరైనా దగ్గరుండి చూసి రాస్తే చదవాలని ఉంది.

ఈ పద్ధతి ఆగిపోయే చోటు కూడా ఉంది. ఆ సమాఖ్య వీఆర్ఎఫ్ ఇచ్చింది డ్వాక్రా సభ్యులకే. అదే ఊళ్లో సైకిల్ షాపు నడిపే ఒంటరి పెద్దాయనకూ, మంగలి షాపు కుర్రాడికీ రోజు కంతుల అప్పులున్నాయి, ఇంట్లో సంఘంలో ఉన్న ఆడమనిషి లేదు. వాళ్ల ఫైనాన్స్ అప్పును మార్చడానికి మా దగ్గర నిధి లేదు, దాత ఒప్పుకోడు, సమాఖ్య ఇవ్వలేదు. వాళ్లిద్దరికీ రెండో విడత కూడా మొదటి విడత పోయిన దారినే పోయింది.